పికప్ బండిలో పసిపిల్లల సీటు: ఎంపిక, బిగించే పద్ధతి, జాగ్రత్తలు



ఒకప్పుడు పంట మార్కెట్‌కు చేరాలంటే ఎడ్లబండి, ఆ తర్వాత ట్రాక్టరు. ఇప్పుడు కూరగాయలైనా, పూలైనా, పాల క్యాన్లైనా, మామిడి ట్రేలైనా పికప్ బండే దిక్కు. నలుగురైదుగురు రైతులు కలిసి ఒక బండి కొనుక్కున్న ఊళ్లూ ఉన్నాయి. బండి సరుకు కోసమే కొన్నా, ఇంట్లో కారు ఉండదు కాబట్టి బిడ్డకు టీకా వేయించాలన్నా, పుట్టింటికి వెళ్లాలన్నా, తిరునాళ్లకు పోవాలన్నా ఆ బండే బయల్దేరుతుంది. నాన్న స్టీరింగు దగ్గర, అమ్మ పక్క సీట్లో, బిడ్డ అమ్మ ఒడిలో. ఈ దృశ్యం మనందరికీ అలవాటే.

నేను పనిచేసిన ఒక మండలంలో టమాటా వేసే రైతు ఒకాయన తెల్లవారుజామున భార్యను, రెండేళ్ల కొడుకును ఎక్కించుకుని బయల్దేరాడు. వేగం పెద్దగా లేదు. ముందు చెరకు ట్రాలీ పోతోంది, దానికి వెనక లైట్లు లేవు. చూసి బ్రేకు కొట్టేసరికి ఆలస్యమైంది, బండి వెళ్లి ట్రాలీకి తగిలింది. బంపరు సొట్ట పడింది, ముందు అద్దం కూడా పగల్లేదు. పెద్దవాళ్లిద్దరికీ ఏమీ కాలేదు. బిడ్డ నుదురు మాత్రం డ్యాష్‌బోర్డుకు కొట్టుకుని ఏడు కుట్లు పడ్డాయి. తర్వాత ఆ తల్లి నాతో అన్న మాట ఒక్కటే: "గట్టిగానే పట్టుకున్నా సార్, ఎట్లా జారిపోయాడో తెలియలేదు."

ఆమె తప్పేమీ లేదు. ఆ క్షణంలో ఏ తల్లి చేతులూ బిడ్డను ఆపలేవు. ఎందుకు ఆపలేవో, ఏం చేస్తే ఆగుతుందో ఈ వ్యాసంలో వివరంగా చూద్దాం.

ఒడి ఎందుకు సరిపోదు?

బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ దేనికైనా గుద్దుకుని ఆగిపోతే, లోపలున్నవాళ్లు అదే వేగంతో ముందుకు పోతారు. ఆ దెబ్బ సుమారు 6 మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండంతస్తుల మేడ పైనుంచి కింద పడిన దెబ్బతో సమానం. 50 కిలోమీటర్ల వేగమైతే ఆ ఎత్తు దాదాపు 10 మీటర్లు అవుతుంది.

ఇంకో లెక్క చూడండి. అదే 40 కిలోమీటర్ల వేగం నుంచి బండి అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకుందాం. 10 కిలోల బిడ్డను పట్టుకుని ఆపడానికి ఆ క్షణంలో 125 కిలోల బరువును ఆపినంత బలం కావాలి. అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు ఒకటిన్నర పైమాటే. అదీ కన్ను మూసి తెరిచే లోపు. బస్తాలు మోసే హమాలీకి కూడా అది సాధ్యం కాదు.

ఇక్కడ చాలామంది చేసే రెండు తప్పులు:

1. తల్లి, బిడ్డ ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెట్టడం. ఇది బెల్టు లేకపోవడం కన్నా మంచిదేమీ కాదు. గుద్దుకున్నప్పుడు తల్లి బరువంతా బిడ్డ మీద పడి, బెల్టుకూ తల్లికీ మధ్య బిడ్డ నలిగిపోతుంది.

2. బిడ్డను డ్యాష్‌బోర్డు పట్టుకుని నిలబెట్టడం. "రోడ్డు చూస్తాడు, ఏడవడు" అని చేస్తారు. బ్రేకు గట్టిగా పడితే మొదట అద్దానికి తగిలేది ఆ బిడ్డ తలే.

చట్టం ఏం చెబుతోంది?

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194బి సెక్షను ఉంది. 14 ఏళ్లు నిండని పిల్లలను సీటు బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకుండా బండిలో తీసుకెళ్తే నడిపినవారికి, నడపనిచ్చినవారికి 1,000 రూపాయల జరిమానా పడుతుంది.

జరిమానా కన్నా పెద్ద విషయం ఇన్సూరెన్సు. పికప్ అనేది సరుకు రవాణా బండి. క్యాబిన్‌లో ఎంతమంది కూర్చోవచ్చో ఆర్‌.సి.లో రాసి ఉంటుంది. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. కాబట్టి మీ పాలసీ ఎవరెవరికి వర్తిస్తుందో, కుటుంబ సభ్యులకు విడిగా ప్రీమియం కట్టి కవరు తీసుకోవచ్చో ఏజెంటును అడిగి కాగితం మీద రాయించుకోండి.

సీటు కొనే ముందు మీ బండిని పరిశీలించండి

పిల్లల సీటు కొన్నాక "ఇది మన బండిలో పట్టడం లేదు" అని బాధపడేవాళ్లున్నారు. అందుకే కొనే ముందు టేపు తీసుకుని బండి దగ్గరికి వెళ్లి ఈ ఐదు విషయాలు చూడండి.

1. క్యాబిన్ రకం: డ్రైవరు వెనక ఇంకో వరుస సీట్లున్న డబుల్ క్యాబిన్ అయితే పిల్లల సీటు వెనక వరుసలోనే బిగించాలి. అదే అన్నిటికన్నా భద్రమైన చోటు. ఒకే వరుస ఉన్న సింగిల్ క్యాబిన్ అయితే ఎడమ కిటికీ పక్క సీటు ఒక్కటే మిగులుతుంది.

2. బెల్టు రకం: భుజం మీదుగా వచ్చి నడుం మీదుగా పోయి మూడు చోట్ల బిగిసే బెల్టు కావాలి. గేరు రాడ్డు పక్కన మధ్య సీటుకు చాలా బండ్లలో నడుం బెల్టు మాత్రమే ఉంటుంది, కొన్నింటిలో అదీ ఉండదు. ఇప్పుడు మార్కెట్లో దొరికే పిల్లల సీట్లలో ఎక్కువ భాగం నడుం బెల్టుతో బిగించడానికి పనికిరావు. మధ్య సీటులో పిల్లల సీటు పెడితే గేరుకు, హ్యాండ్ బ్రేకుకు అడ్డం కూడా వస్తుంది.

3. ఎయిర్‌బ్యాగ్: ఎడమ పక్క డ్యాష్‌బోర్డు మీద గానీ, ఎండ తగలకుండా దించుకునే పలక మీద గానీ ఎయిర్‌బ్యాగ్ అన్న అక్షరాలు, పిల్లల సీటు మీద అడ్డగీత ఉన్న బొమ్మ ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ సీటుకు ఎయిర్‌బ్యాగ్ ఉన్నట్టు. అక్కడ వెనక్కి తిరిగి ఉండే పసిబిడ్డ సీటు ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే వేగానికి ఆ సీటు వీపు మీద పడే దెబ్బ బిడ్డ ప్రాణం తీస్తుంది. ఎయిర్‌బ్యాగ్‌ను ఆపే తాళం స్విచ్చు బండిలో ఉంటే దాన్ని ఆపి, ఆగినట్టు లైటు వెలిగిందని చూసుకున్నాకే పెట్టాలి. వైర్లు పీకి ఆపే ప్రయత్నం చేయవద్దు.

4. కొలత: చాలా పిల్లల సీట్లు 45 సెంటీమీటర్ల దాకా వెడల్పు ఉంటాయి. డోరు వేశాక మీ సీటు మీద అంత జాగా ఉందా? సీటు లోతు ఎంత? పికప్‌లలో సీటు వీపు దాదాపు నిటారుగా, కూర్చునే భాగం పొట్టిగా ఉంటుంది. పిల్లల సీటు అడుగు భాగం ముందుకు వేలాడేంత పొట్టిగా ఉంటే ఆ సీటు మీ బండికి నప్పదు.

5. ఐసోఫిక్స్ కొక్కేలు: కార్లలో సీటు వీపుకూ అడుగుకూ మధ్య సందులో రెండు ఇనుప కడ్డీలుంటాయి. సరుకు బండ్లలో సాధారణంగా ఇవి ఉండవు. కాబట్టి ఐసోఫిక్స్‌తో మాత్రమే బిగిసే సీటు కొనవద్దు. బండి సీటు బెల్టుతో బిగించేదే అడగండి.

వీలైతే సీటు కొనేటప్పుడు బండినే దుకాణానికి తీసుకెళ్లి, ఒకసారి బిగించి చూసి డబ్బు కట్టండి. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు తీసుకునే గడువు ఎన్ని రోజులో ముందే చూసుకోండి.

బిడ్డకు తగిన సీటు ఎంపిక

వయసు కన్నా బరువు, ఎత్తు ముఖ్యం. అంగన్‌వాడీలో తూచి కార్డు మీద రాసిన బరువు, ఎత్తు చూసుకుని వెళ్లండి.

పుట్టినప్పటి నుంచి 13 కిలోల దాకా: వెనక్కి తిరిగి ఉండే సీటు. అంటే బిడ్డ ముఖం బండి వెనక వైపు ఉంటుంది. పసిబిడ్డ తల శరీరంతో పోలిస్తే పెద్దది, మెడ లేతది. గుద్దుకున్నప్పుడు తల, మెడ, వీపు అన్నిటినీ సీటు ఒకేసారి ఆపాలంటే ఇలాగే కూర్చోబెట్టాలి. కనీసం 15 నెలలు నిండేదాకా ముందుకు తిప్పవద్దు. సీటు అనుమతించినంత కాలం ఇలాగే ఉంచితే ఇంకా మంచిది.

9 నుంచి 18 కిలోల దాకా: ముందుకు తిరిగి ఉండే సీటు. భుజాలకు రెండు, నడుముకు రెండు, కాళ్ల మధ్య ఒకటి చొప్పున ఐదు చోట్ల పట్టీలు ఉండాలి. 9 కిలోలు దాటగానే తిప్పేయవచ్చని కాదు. 15 నెలల మాట ఇక్కడా వర్తిస్తుంది.

15 నుంచి 36 కిలోల దాకా: వీపు ఉన్న బూస్టరు సీటు. ఇది బిడ్డను ఎత్తుగా కూర్చోబెట్టి, బండి బెల్టు మెడ మీదకు, పొట్ట మీదకు రాకుండా భుజం మీదా తొడల మీదా పడేలా చేస్తుంది. దీనికి మూడు చోట్ల బిగిసే బెల్టు తప్పనిసరి.

సుమారు 145 సెంటీమీటర్లు, అంటే 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు దాటాక బండి బెల్టు ఒక్కటే సరిపోతుంది. పరీక్ష సులువు: వీపు సీటుకు ఆనించి కూర్చుంటే మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగాలి, బెల్టు భుజం మధ్యగా పోవాలి, నడుం పట్టీ తొడల మీద ఉండాలి. ఈ మూడూ కుదరకపోతే ఇంకా బూస్టరు కావాలి.

కొనేటప్పుడు సీటుకు అతికించిన గుర్తు చూడండి. మన దేశ ప్రమాణం పేరు ఏఐఎస్-072. యూరప్ ప్రమాణమైతే నారింజ రంగు స్టిక్కరు మీద ఆర్44/04 అని గానీ, ఆర్129 అని గానీ ఉంటుంది, గుండ్రటి గీతలో ఇంగ్లీషు 'ఈ' అక్షరం, అంకె ఉంటాయి. ఏ గుర్తూ లేని సీటు, ఎంత మెత్తగా ఉన్నా, ఎంత చౌకగా ఇచ్చినా కొనవద్దు. మామూలు సీట్లు నాలుగైదు వేల రూపాయల నుంచి దొరుకుతున్నాయి. పుట్టినప్పటి నుంచి 18 కిలోల దాకా రెండు వైపులా తిప్పి వాడే సీటు ఒకటి కొంటే నాలుగేళ్ల దాకా ఇంకొకటి అవసరం రాదు.

వెనక్కి తిరిగి ఉండే సీటు బిగించే పద్ధతి

1. బండి సీటు ముందుకూ వెనక్కూ జరిగేదైతే పూర్తిగా వెనక్కి జరపండి. బండి సీటు మీద ఏ పరుపూ, తువ్వాలూ, పూసల కవరూ ఉంచవద్దు.

2. పిల్లల సీటును డ్యాష్‌బోర్డు వైపు వీపు ఉండేలా పెట్టండి. సీటు వీపు డ్యాష్‌బోర్డును ఒత్తుకుంటూ ఉండకూడదు.

3. వాలు చూసుకోండి. సీటు పక్కన నీటి బుడగ గానీ, గీత గానీ ఉంటుంది. బండిని చదునైన నేల మీద ఆపి దాన్ని సరిచూడండి. పసిబిడ్డకు సీటు మరీ నిటారుగా ఉంటే తల ముందుకు వాలి ఊపిరి ఆడదు. మరీ వెల్లకిలా ఉంటే గుద్దుకున్నప్పుడు బిడ్డ పైకి జారిపోతుంది. నీలి గీత దగ్గర కుదరకపోతే, సీటుతో వచ్చిన పుస్తకం ఒప్పుకుంటేనే, అడుగున తువ్వాలు గట్టిగా చుట్టి పెట్టి వాలు సరిచేయవచ్చు.

4. సీటు మీద నీలి రంగు గుర్తులుంటాయి. వెనక్కి తిరిగి ఉన్నప్పుడు బెల్టు ఆ నీలి గుర్తుల గుండానే పోవాలి. నడుం పట్టీ ఒక దారిన, భుజం పట్టీ సీటు వీపు చుట్టూ ఇంకో దారిన పోతుంది. మెలికలు పడకుండా చూసుకుని బకిల్‌లో 'టక్' మని వినిపించేదాకా నొక్కండి.

5. ఒక చేత్తో, లేదా మోకాలితో, పిల్లల సీటును కిందికి గట్టిగా నొక్కుతూ ఇంకో చేత్తో భుజం పట్టీని లాగి వదులు మొత్తం తీసేయండి. బస్తాలు ఎక్కించాక తాడు బిగించేటప్పుడు మనం చేసేది ఇదే: బస్తా మీద మోకాలు పెట్టి లాగుతాం.

6. సీటు మీద బెల్టు జారకుండా పట్టే క్లిప్పు ఉంటే అందులో పట్టీని ఇరికించి మూయండి. మన బండ్ల బెల్టులు సాధారణంగా కుదుపు వచ్చినప్పుడే పట్టుకుంటాయి, మామూలప్పుడు వదులవుతూ ఉంటాయి. అందుకే ఈ క్లిప్పు చాలా ముఖ్యం.

ముందుకు తిరిగి ఉండే సీటు బిగించే పద్ధతి

1. పిల్లల సీటు వీపు బండి సీటు వీపుకు పూర్తిగా ఆనాలి. బండి సీటు తలదిండు అడ్డుపడి సీటును ముందుకు తోస్తుంటే, ఊడదీసే వీలుంటే ఊడదీయండి. ఊడదీసిన తలదిండును క్యాబిన్‌లో వదిలేయవద్దు.

2. బెల్టు ఈసారి ఎర్ర రంగు గుర్తుల గుండా పోవాలి. నీలి దారి, ఎర్ర దారి మారిపోతే సీటు బిగుసుకున్నట్టే కనిపిస్తుంది గానీ ప్రమాదంలో ఊడి వస్తుంది.

3. మోకాలితో నొక్కి, వదులు తీసి, క్లిప్పు వేయండి.

4. కొన్ని సీట్లకు పైభాగాన ఒక కొక్కెం పట్టీ ఉంటుంది. దాన్ని బండి తయారీదారు ఇచ్చిన కొక్కేనికే తగిలించాలి. అది లేని బండిలో క్యాబిన్ వెనక గ్రిల్లుకు, బాడీ రేకుకు, తాడుతో దేనికైనా కట్టడం చేయవద్దు. ఆ పట్టీ తప్పనిసరి అని సీటు పుస్తకంలో రాసి ఉంటే ఆ సీటు మీ బండికి పనికిరాదు.

ఒక్క అంగుళం పరీక్ష

బిగించడం అయ్యాక, బెల్టు పోయే చోట పిల్లల సీటును పట్టుకుని కుడి ఎడమలకు, ముందు వెనకలకు ఊపండి. ఒక్క అంగుళం కన్నా ఎక్కువ కదిలితే బిగింపు సరిపోలేదు. ఊడదీసి మళ్లీ మొదటి నుంచి బిగించండి. సీటు పైభాగం పట్టుకుని ఊపితే కొంత కదులుతుంది, అది తప్పు కాదు. బకిల్ డబ్బా సీటు అంచు మీద అడ్డంగా వంగి ఒత్తుకుంటూ ఉంటే అది ఒత్తిడికి తెరుచుకునే ప్రమాదముంది. అలాంటప్పుడు ఆ చోటు గానీ, ఆ సీటు గానీ మార్చాలి.

పది నిమిషాలు మన మట్టి రోడ్డు మీద తిప్పి, ఆపి, మళ్లీ ఈ పరీక్ష చేయండి. తారు రోడ్డు మీద బిగుతుగా ఉన్నది గతుకుల్లో వదులవుతుంది.

బిడ్డను కూర్చోబెట్టడం

సీటు ఎంత బాగా బిగించినా లోపలి పట్టీలు వదులుగా ఉంటే ప్రయోజనం లేదు.

వెనక్కి తిరిగి ఉన్న సీటులో భుజం పట్టీలు బిడ్డ భుజాల ఎత్తులో గానీ కొంచెం కింద గానీ ఉన్న రంధ్రాల నుంచి రావాలి. ముందుకు తిరిగి ఉన్న సీటులో భుజాల ఎత్తులో గానీ కొంచెం పైన గానీ ఉన్న రంధ్రాల నుంచి రావాలి.

పట్టీ లాగి బిగించాక, భుజం దగ్గర బొటనవేలు, చూపుడువేలితో పట్టీని గిల్లి చూడండి. మడత చేతికి దొరికితే ఇంకా వదులుగా ఉన్నట్టే.

బిడ్డకు స్వెట్టరు వేసి, దుప్పటి చుట్టి, ఆ పైన పట్టీలు పెట్టడం మన ఇళ్లలో మామూలు. అది తప్పు. ఆ మెత్తదనం దెబ్బ తగిలినప్పుడు నలిగిపోయి పట్టీలు వదులవుతాయి. పలచటి బట్టలతో కూర్చోబెట్టి పట్టీలు బిగించి, దుప్పటి పైన కప్పండి. ముక్కు, నోరు కప్పకుండా చూడండి.

మెడలో దారం, తాయెత్తు, గొలుసు ఉంటే ప్రయాణంలో తీసేయడం మంచిది.

తల్లి ఎక్కడ కూర్చోవాలి?

ఈ ప్రశ్నకు తేలికైన జవాబు లేదు. డ్రైవరు కాక ఇద్దరు కూర్చునే క్యాబిన్ అయితే పిల్లల సీటు కిటికీ పక్క, తల్లి మధ్యలో నడుం బెల్టు పెట్టుకుని కూర్చోవాలి. పిల్లల సీటు పెట్టాక మధ్యలో జాగా చాలకపోతే, లేదా డ్రైవరు కాక ఒక్కరే కూర్చునే క్యాబిన్ అయితే, ఆ బండిలో తల్లీ బిడ్డా ఇద్దరూ భద్రంగా ప్రయాణం చేయలేరు. చంటిబిడ్డను డ్రైవరు ఒక్కడి పక్కన పంపడమూ సరి కాదు. బిడ్డ ఏడిస్తే ఆయన చూపు రోడ్డు మీద ఉండదు. అలాంటప్పుడు తల్లీ బిడ్డా ఆర్టీసీ బస్సులోనో, అద్దె కారులోనో వెళ్లడమే మేలు. అద్దె కారైతే మీ పిల్లల సీటు వెంట తీసుకెళ్లి వెనక సీటుకు బిగించుకోవచ్చు.

మోటారు సైకిలు మీద పోదామనుకుంటే దానికీ నిబంధన ఉంది. 9 నెలల నుంచి 4 ఏళ్ల లోపు పిల్లలకు నడిపేవారికి కట్టే భద్రతా పట్టీ, తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. 2022లో ప్రకటించిన ఈ నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది.

పొలం బండికి ప్రత్యేక జాగ్రత్తలు

ఎలుకలు: బండి పశువుల కొట్టం పక్కనో, గోదాము దగ్గరో పెడితే ఎలుకలు సీటు కిందికి చేరి బెల్టు పట్టీలు కొరుకుతాయి. నెలకోసారి బెల్టును చివరిదాకా బయటికి లాగి, అంచులు చూడండి. కొరికిన పట్టీని కుట్టించి వాడవద్దు, బెల్టు మొత్తం మార్పించండి.

దుమ్ము, ఎరువు: బకిల్‌లోకి ధాన్యం గింజ, మట్టి దూరితే 'టక్' మన్నా పూర్తిగా పట్టదు. యూరియా, పొటాష్ బస్తాలు క్యాబిన్‌లో పెడితే ఇనుప భాగాలు తుప్పు పడతాయి. పట్టీలను తడిగుడ్డతో తుడవండి. డీజిల్, పెట్రోలు, బ్లీచింగ్ పొడితో కడగవద్దు. బకిల్‌లో గ్రీజు, నూనె పోయవద్దు.

విడి వస్తువులు: జాకీ, రెంచి, కొడవలి, తూకపు రాళ్లు, నీళ్ల క్యాను క్యాబిన్‌లో విడిగా ఉంటే గుద్దుకున్నప్పుడు బిడ్డ మీదికి విసిరినట్టు వస్తాయి. సీటు కింద పెట్టెలో పెట్టి మూయండి.

పురుగు మందులు: బిడ్డ ఉన్న క్యాబిన్‌లో పురుగు మందు డబ్బాలు, కలుపు మందు, స్ప్రేయరు, మందు కొట్టినప్పుడు వేసుకున్న బట్టలు పెట్టవద్దు. వెనక బాడీలో మూత బిగించి, నిలబెట్టి కట్టండి. మందు కొట్టి వచ్చిన చేతులతో పిల్లల సీటు ముట్టుకోవద్దు. ఎప్పుడైనా సీటు గుడ్డ మీద మందు ఒలికితే ఉతికి వాడదామనుకోవద్దు, ఆ సీటు పక్కన పెట్టేయండి.

ఎండ: వేసవిలో అద్దాలు మూసి నిలిపిన క్యాబిన్‌లో పది నిమిషాల్లోనే వేడి బయటికన్నా పది డిగ్రీల దాకా పెరుగుతుంది. "కాటా అయ్యేదాకా పడుకోనీ" అని బిడ్డను బండిలో వదలవద్దు, ఒక్క నిమిషం కూడా. కూర్చోబెట్టే ముందు బకిల్ ఇనుప ముక్క వేడెక్కిందేమో చేత్తో తాకి చూడండి. బండి ఎండలో ఉన్నప్పుడు సీటు మీద తెల్ల గుడ్డ కప్పి ఉంచండి.

బీప్ శబ్దం: బెల్టు పెట్టుకోకపోతే వచ్చే శబ్దాన్ని ఆపడానికి బకిల్‌లో ఉత్త క్లిప్పు గుచ్చే అలవాటు చాలామందికి ఉంది. దాన్ని తీసి పారేయండి. బిడ్డకు సీటు బిగించి తాను బెల్టు పెట్టుకోని తండ్రి, ప్రమాదంలో బిడ్డ మీదే పడవచ్చు.

విదేశాల నుంచి వచ్చిన సీట్లు, పాత సీట్లు

అమెరికాలో ఉన్న చెల్లెలో, మేనల్లుడో తమ పిల్లలు వాడిన సీటు పంపడం ఇప్పుడు మామూలైంది. అది వాడే ముందు మూడు విషయాలు చూడండి. ఒకటి, దాని మీద బరువు పౌండ్లలో ఉంటుంది. 40 పౌండ్లంటే సుమారు 18 కిలోలు. రెండు, అక్కడి బండ్ల బెల్టులను చివరిదాకా లాగి వదిలితే బిగుసుకుపోయి ఉండేలా చేస్తారు. మన బండ్ల బెల్టులు సాధారణంగా అలా ఉండవు. అందుకని ఆ సీటుకే బెల్టును పట్టే క్లిప్పు లేకపోతే మన బండిలో నిలవదు. మూడు, దాని ఛాతీ క్లిప్పు చంకల ఎత్తులో ఉండాలి, పొట్ట మీద కాదు.

పాత సీటు ఏదైనా సరే, ఒకసారి ప్రమాదంలో ఉన్న బండిలోది వాడకూడదు. పైకి బాగున్నా లోపల ప్లాస్టిక్ చిట్లి ఉంటుంది. అడుగున అచ్చులో తయారైన తేదీ, ఎంతకాలం వాడవచ్చో ఉంటాయి. గడువు దాటితే వదిలేయండి. ఎవరిదో తెలియని సీటు సంతలో కొనవద్దు.

వెనక బాడీలో, ట్రాక్టరు మీద పిల్లలు

పికప్ వెనక బాడీలో పిల్లల సీటు పెట్టి తాళ్లతో కట్టిన ఇళ్లు కూడా చూశాను. ఆ సీటు ఏ పనికీ రాదు. వెనక బాడీ సరుకు కోసం చేసింది. అక్కడ పిల్లలను గానీ, పెద్దలను గానీ కూర్చోబెట్టవద్దు. పెళ్లి అయినా, జాతర అయినా ఇదే మాట.

ట్రాక్టరు మీద డ్రైవరు ఒక్కడికే సీటు. మడ్‌గార్డు మీద, ఒడిలో, డ్రాబారు మీద పిల్లలను ఎక్కించుకోవద్దు. పిల్లల సీటు ట్రాక్టరుకు బిగించే పద్ధతి ఏదీ లేదు. జారితే పక్కనే వెనక చక్రం, దాని వెనక రోటావేటరు. బిడ్డ ఏడ్చినా సరే, ఇంటి దగ్గరే ఉంచండి.

బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

1. పిల్లల సీటు అంగుళం కన్నా ఎక్కువ కదలడం లేదు.
2. బెల్టు సరైన రంగు దారిలో ఉంది, మెలిక లేదు.
3. పసిబిడ్డ సీటు ముందు పనిచేసే ఎయిర్‌బ్యాగ్ లేదు.
4. లోపలి పట్టీ గిల్లితే మడత దొరకడం లేదు.
5. స్వెట్టరు, దుప్పటి పట్టీల కింద లేవు.
6. క్యాబిన్‌లో విడి ఇనుప వస్తువులు, మందు డబ్బాలు లేవు.
7. నడిపేవారు, పక్కవారు బెల్టు పెట్టుకున్నారు.
8. ఎడమ డోరు తాళం పడింది.

ఈ ఎనిమిదీ చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. దూర ప్రయాణమైతే ప్రతి రెండు గంటలకు ఆపి బిడ్డను సీటులోంచి తీసి కాసేపు ఎత్తుకోండి. చంటిబిడ్డకైతే ఇంకా ముందే ఆపాలి. పాలు పట్టాలన్నా బండి ఆపాకే తీయండి. ప్రమాదం జరిగితే 108కి ఫోను చేయండి. బిడ్డకు ఊపిరి ఆడుతుంటే, మంట గానీ వేరే ప్రమాదం గానీ లేకపోతే, అంబులెన్సు వచ్చేదాకా సీటులోంచి తీయకుండా ఉంచడం మెడకు మంచిది.

రైతులు తరచూ అడిగే ప్రశ్నలు

"ఊళ్లో రెండు కిలోమీటర్లకు కూడా కావాలా?" కావాలి. మొదట్లో చెప్పిన ఏడు కుట్లు పడింది ఇల్లు దాటిన కాసేపటికే.

"సీటులో పెడితే ఏడుస్తున్నాడు, ఏం చేయాలి?" వారం రోజులు ఇంట్లోనే ఆ సీటులో కూర్చోబెట్టి అన్నం పెట్టండి, ఆడించండి. తర్వాత బండి ఆపి ఉంచి అలవాటు చేయండి. ఒకసారి ఏడిస్తే తీసి ఒడిలోకి తీసుకుంటే మాత్రం ప్రతిసారీ ఏడుస్తాడు.

"ఒకే సీటు రెండు ఇళ్లవాళ్లం వాడుకోవచ్చా?" వాడుకోవచ్చు. తైవాన్ స్ప్రేయరు పంచుకున్నట్టే. కానీ ఒక్కో బిడ్డకు పట్టీల ఎత్తు మార్చాలి, బండి మారిన ప్రతిసారీ మొదటి నుంచి బిగించి అంగుళం పరీక్ష చేయాలి. సీటు పుస్తకం సీటుతోనే ఉండాలి.

"బిగింపు సరిగా ఉందో లేదో ఎవరిని అడగాలి?" సీటు అమ్మిన దుకాణం వారిని, బండి సర్వీసు సెంటరు వారిని అడగండి. సీటు పుస్తకం, బండి పుస్తకం రెండూ వెంట తీసుకెళ్లండి. ఈ వ్యాసానికీ సీటు పుస్తకానికీ తేడా వస్తే పుస్తకంలో ఉన్నదే పాటించండి.

టమాటా ట్రేలు ఒరిగిపోకుండా ప్రతి మూలా తాడు వేసి, ముడి చూసి, మళ్లీ ఒకసారి లాగి చూస్తాం. ముందు సీట్లో కూర్చునే బిడ్డకు కూడా అదే ఓపిక చూపించండి. ఆ టమాటా రైతు ఇప్పుడు అదే బండిలో సీటు బిగించుకున్నాడు. భార్య మధ్యలో కూర్చుంటోంది, కొడుకు కిటికీలోంచి గేదెల్ని లెక్కపెడుతున్నాడు.